ఓడుతూనే గెలిచిన సైన్యం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

గత సంచికలో అమెరికా స్వాతంత్ర్య యుద్ధంపై వచ్చిన వ్యాసం చదివి పాఠకులు రాసిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఒకే సందేహం చుట్టూ తిరిగాయి. సంఖ్యలోనూ ధనంలోనూ ఆయుధాలలోనూ తక్కువగా ఉన్న వలస ప్రజలు ఒక మహాసామ్రాజ్యాన్ని ఎలా ఓడించగలిగారన్నదే ఆ సందేహం. అందుకని ఈసారి శీర్షికను పూర్తిగా ఆ ఉత్తరాలకే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: పదమూడు వలసలలోని రైతులూ వర్తకులూ కలిసి, ప్రపంచంలోకెల్లా బలమైన నౌకాదళం ఉన్న బ్రిటన్‌ను ఓడించారని చదివినప్పుడల్లా నమ్మబుద్ధి కాదు. జార్జ్ వాషింగ్టన్ నిజంగా అంత గొప్ప సేనానా?
– ఒక డిగ్రీ విద్యార్థిని, విజయనగరం

జవాబు: యుద్ధభూమిలో గెలుపోటములే కొలమానమైతే కాదనే చెప్పాలి. ఆయన స్వయంగా నడిపిన పెద్ద పోరాటాలలో గెలిచినవాటికంటే ఓడినవే ఎక్కువ. 1776 ఆగస్టు 27న లాంగ్ ఐలండ్‌లో తన సైన్యానికి ఎడమవైపున్న ఒక కనుమ దారికి ఐదుగురు గుర్రపు రౌతులను మాత్రమే కాపలా పెట్టగా, బ్రిటిష్ సేనాని విలియం హౌ సుమారు 10,000 మందితో రాత్రికి రాత్రి ఆ దారినే చుట్టి వచ్చి వెనుక నుంచి విరుచుకుపడ్డాడు. ఆ నవంబరు 16న ఫోర్ట్ వాషింగ్టన్ అనే కోటలో సుమారు 2,800 మంది ఒక్కరోజునే బందీలయ్యారు. మరుసటి సంవత్సరం బ్రాండీవైన్ వాగు దగ్గర హౌ అదే ఎత్తు మళ్లీ వేస్తే వాషింగ్టన్ మళ్లీ చిక్కాడు. కాబట్టి మీ అనుమానం సహేతుకమే.

అయితే రెండు పక్షాలూ చేయవలసిన పని ఒకటి కాదు. బ్రిటన్ గెలవాలంటే మసాచుసెట్స్ నుంచి జార్జియా దాకా పరుచుకున్న నేలను తిరిగి స్వాధీనం చేసుకుని, అక్కడ పన్నులు వసూలు చేసి, కోర్టులు నడిపి, సైన్యం వెళ్లిపోయిన తరువాత కూడా జనం రాజుకు లొంగి ఉండేటట్లు చూడాలి. తిరుగుబాటుదారులు గెలవాలంటే వారి సైన్యం చెదిరిపోకుండా ఉంటే చాలు. న్యూయార్క్ పరాజయాల నడుమ 1776 సెప్టెంబరు 8న, వలసల ప్రతినిధుల సభ అయిన కాంగ్రెస్ అధ్యక్షునికి రాసిన లేఖలో వాషింగ్టన్ ఈ సంగతే చెప్పాడు. మన యుద్ధం ఆత్మరక్షణ యుద్ధంగానే సాగాలనీ, తప్పనిసరి అయితే తప్ప సర్వస్వాన్నీ ఒక్క పోరాటంలో పణంగా పెట్టరాదనీ దాని సారాంశం. ఆయన ప్రతిభ అంతా ఆ మాటను ఆరేళ్లపాటు, మనసు ఒప్పకపోయినా, నిలబెట్టుకోవడంలో ఉంది. స్వభావరీత్యా ఆయన దూకుడు మనిషి.

లాంగ్ ఐలండ్ ఓటమి తరువాత జరిగినదే చూడండి. వెనుక ఈస్ట్ రివర్, ముందు శత్రువు, గాలి మళ్లితే నదిలోకి రావడానికి సిద్ధంగా ఉన్న బ్రిటిష్ యుద్ధనౌకలు. ఆగస్టు 29 రాత్రి మార్బుల్‌హెడ్ రేవుకు చెందిన జాలరులు, నావికులతో నిండిన జాన్ గ్లోవర్ దళం, తెడ్ల చప్పుడు వినిపించకుండా వాటికి గుడ్డలు చుట్టి, దాదాపు 9,000 మందిని, ఫిరంగులను, గుర్రాలను పడవలలో అవతలి ఒడ్డుకు చేర్చింది. శిబిరంలో నెగళ్లు మండుతూనే ఉంచారు. తెల్లవారేసరికి ఇంకా కొంత సైన్యం మిగిలి ఉండగా దట్టమైన మంచు కమ్మి వారిని కాపాడింది. బ్రిటిష్ వారు వచ్చి చూసేసరికి కందకాలు ఖాళీ. ఆ రాత్రి పట్టుబడి ఉంటే యుద్ధం బహుశా అక్కడితో ముగిసిపోయేది.

సైన్యాన్ని నిలబెట్టుకోవడమంటే యుద్ధం తప్పించుకోవడం ఒక్కటే కాదు. 1776 డిసెంబరు 31తో చాలామంది సిపాయిల ఒప్పంద గడువు తీరిపోనుండగా, క్రిస్మస్ రాత్రి 2,400 మందితో డెలావేర్ నదిని దాటి, ట్రెంటన్‌లో బ్రిటన్ జర్మనీ నుంచి కూలికి తెచ్చుకున్న హెస్సియన్ దళాన్ని మరునాటి ఉదయం ముట్టడించి సుమారు 900 మందిని పట్టుకోవడం సైనికంగా చిన్న విజయమే. కాని దాని తరువాతే, మరో ఆరు వారాలు ఉండేవారికి తలా పది డాలర్లు ఇస్తామన్న మాటకు సిపాయిలు నిలిచారు. 1777లో ఆయన మరొక సాహసం చేశాడు. కెనడా మీదికి వెళ్లిన దళాన్ని అంతకుముందే మశూచి తుడిచిపెట్టినంత పని చేసింది కనుక, సైన్యమంతటికీ దానికి విరుగుడు చేయించాడు. అప్పటికి నేటి టీకా లేదు. రోగి పొక్కుల రసాన్ని ఆరోగ్యవంతుని చేతిమీద గాటులో పూసి, తేలికపాటి మశూచి తెప్పించి, అది తగ్గేదాకా విడిగా ఉంచేవారు. శత్రువుకు తెలిస్తే అదనుచూసి దాడి చేస్తాడని ఆ పనిని గుట్టుగా నడిపించారు. నా దృష్టిలో ఆ యుద్ధంలో వాషింగ్టన్ తీసుకున్న అత్యుత్తమ నిర్ణయం ఇదే.

ప్రశ్న: బోస్టన్ రేవులో సముద్రంలో పారబోసిన తేయాకు మన దేశం నుంచి వెళ్లిందేనని ఒక ఉపన్యాసంలో విన్నాను. నిజమేనా? అసలు ఒక టీ గొడవ యుద్ధానికి ఎలా దారితీసింది?
– వరంగల్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: నిజం కాదు. 1773 డిసెంబరు 16 రాత్రి నీళ్లపాలైన 342 పెట్టెల తేయాకు ఈస్టిండియా కంపెనీదే అయినా, అది పండింది చైనాలో. అస్సాంలో తేయాకు తోటలు వేయడం ఆ తరువాత అరవై ఏళ్లకు గాని మొదలు కాలేదు.

మీ రెండవ ప్రశ్నలోనే అసలు విషయం ఉంది. టీ గొడవకు ప్రతీకారంగా బ్రిటన్ బోస్టన్ రేవును మూసివేసి, మసాచుసెట్స్ పాలనాధికారాలను లాక్కున్నప్పుడు, పదమూడు వలసలలో పన్నెండు కలిసి 1774లో బ్రిటిష్ సరుకుల బహిష్కారానికి ఒప్పందం చేసుకున్నాయి. దాన్ని అమలు చేయడానికి ఊరూరా కమిటీలను ఎన్నుకున్నారు. ఎవరి దుకాణంలో ఏ సరుకు ఉన్నదో చూసేదీ, మాట తప్పినవారి పేర్లు పత్రికలలో వేయించేదీ, తరువాతి రోజుల్లో తుపాకి మందు నిల్వలు చూసుకునేదీ ఆ కమిటీలే. 1774 సెప్టెంబరులో వోర్సెస్టర్‌లో వేలాది మంది రైతులు కోర్టు ముందు బారులు తీరి, రాజు నియమించిన న్యాయాధికారులు టోపీలు చేతపట్టుకుని రాజీనామా చదువుతూ తమ మధ్య నుంచి నడిచి వెళ్లేటట్లు చేశారు. తుపాకి పేలలేదు. 1775 ఏప్రిల్ 19న లెక్సింగ్టన్, కాంకర్డ్ గ్రామాలలో తొలి కాల్పులు జరిగేనాటికే, గవర్నరు ఆజ్ఞ బోస్టన్ పట్నంలో ఎర్రకోటు సిపాయిలు నిలబడిన మేరకే చెల్లుతోంది. బ్రిటన్ పంపిన సైన్యం తిరుగుబాటును అణచడానికి వచ్చాననుకుంది గాని, అప్పటికే చేజారిన ఒక ప్రభుత్వాన్ని అది మొదటి నుంచి గెలుచుకోవలసి వచ్చింది.

ప్రశ్న: మేము న్యూజెర్సీలో ఎడిసన్‌లో ఉంటున్నాము. ట్రెంటన్, ప్రిన్స్‌టన్, మన్మత్ యుద్ధభూములు అన్నీ చూశాము. జనమంతా ఒక్కతాటి మీద నిలిచారు కాబట్టే గెలిచారని మా అబ్బాయి అంటాడు. అంతేనా?
– ఎడిసన్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: మీరున్న రాష్ట్రమే ఆ మాటను కాదంటుంది. న్యూజెర్సీలో ఇరుగుపొరుగు ఊళ్లు, కొన్నిచోట్ల ఒకే కుటుంబంలోని వారు, చెరొక పక్షాన పోరాడారు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ కన్నకొడుకు విలియం ఆ వలసకు రాజు నియమించిన చివరి గవర్నరు. తండ్రి స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేస్తే, కొడుకు రాజభక్తుడిగా జైలుకు వెళ్లాడు. యుద్ధానంతరం ఆ ఇద్దరి మధ్య సఖ్యత మళ్లీ కుదరలేదు. వలసలన్నింటిలోనూ తెల్లవారిలో ఐదింట ఒక వంతుకు దగ్గరగా రాజు పక్షాన ఉన్నారనీ, యుద్ధం ముగిశాక సుమారు 60,000 మంది దేశం విడిచి వెళ్లారనీ చరిత్రకారులు అంచనా వేస్తారు.

ఇక అప్పటి 25 లక్షల జనాభాలో దాదాపు 5 లక్షల మంది నల్లజాతి బానిసలు. స్వేచ్ఛ గురించి తిరుగుబాటుదారులు రాసిన వాక్యాలు వారికి వర్తించలేదు. పైగా 1775 నవంబరులో వర్జీనియా గవర్నరు డన్మోర్, తిరుగుబాటుదారుల బానిసలు తన సైన్యంలో చేరితే విముక్తి ఇస్తానని ప్రకటించడంతో, వేలాది మంది ప్రాణాలకు తెగించి బ్రిటిష్ శిబిరాలకు పారిపోయారు. వాషింగ్టన్ సొంత కమతం నుంచి పారిపోయిన హ్యారీ వాషింగ్టన్ అనే అతను బ్రిటిష్ వారితో నోవా స్కోషియాకూ, అక్కడి నుంచి ఆఫ్రికాలోని సియెరా లియోన్‌కూ చేరాడు. అతని లెక్కలో ఈ యుద్ధంలో సామ్రాజ్యం ఏది, స్వాతంత్ర్యం ఏది అన్న ప్రశ్నకు జవాబు వేరుగా ఉంటుంది. అమెరికా ఆదివాసులైన ఇరోక్వా జాతుల ఊళ్లనూ పంటలనూ 1779లో వాషింగ్టన్ ఆజ్ఞ మీదే తగలబెట్టారన్నది కూడా మీ అబ్బాయికి చెప్పవలసిన సంగతే.

ఐక్యత ఇంత పలచగా ఉన్నా తిరుగుబాటు నిలవడానికి కారణం మిలీషియా అనే ఊరి దళాలు. ఎదురుపడి నిలిచే యుద్ధంలో వారు తరచు పరుగులంకించుకునేవారు. వాషింగ్టన్ వారిని తిట్టుకోని నెల ఉండదు. కాని బ్రిటిష్ సైన్యం ఒక జిల్లాలో ప్రవేశించినప్పుడు గప్‌చుప్‌గా ఉండి, అది కదలగానే బయటికి వచ్చి, రాజుకు విధేయత ప్రకటించిన పొరుగువాణ్ని లెక్క అడిగేది వారే. చెరువులో గుర్రపుడెక్కను తోసుకుంటూ పడవ ముందుకు పోయినట్లే సామ్రాజ్య సైన్యం ఎక్కడికైనా పోగలిగింది, దాని వెనుక దారి మళ్లీ మూసుకుపోయింది. 1776 చివర న్యూజెర్సీలో వేలాది మంది బ్రిటిష్ వారి క్షమాభిక్ష పత్రాలు తీసుకున్నారు. ఆ పత్రం చేతిలో ఉన్నవారి ఇళ్లను కూడా సిపాయిలు దోచుకోవడంతో, వారిలో చాలామంది కొద్ది వారాలలోనే తిరిగి ఇటు చేరారు. గడ్డికీ ధాన్యానికీ బయలుదేరిన బ్రిటిష్ బళ్ల మీద ఆ చలికాలమంతా ప్రతి మలుపులోనూ కాల్పులు జరిగేవి.

ప్రశ్న: సరటోగా విజయమే యుద్ధాన్ని మలుపు తిప్పిందని నేను పాఠం చెప్పిన రోజుల్లో చెప్పేవాణ్ని. ఫ్రాన్స్ సాయం లేకపోయినా అమెరికన్లు గెలిచేవారంటారా?
– విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయుడు, గుంటూరు

జవాబు: మాస్టారూ, మీరు చెప్పిన పాఠం సరైనదే. దానికి రెండు మాటలు చేర్చుతాను.

సరటోగాలో బ్రిటిష్ వారిని దెబ్బతీసిన వాటిలో దూరానికి మొదటి స్థానం ఇవ్వాలి. 1777 వేసవిలో బ్రిటిష్ సేనాని జాన్ బర్గోయిన్ కెనడా నుంచి 7,000 పైచిలుకు సైన్యంతో హడ్సన్ లోయకు దిగి వస్తూ, వెంట భారీ ఫిరంగులు, లెక్కకు మించిన సామాను బళ్లు తెచ్చుకున్నాడు. అమెరికన్ సేనాని ఫిలిప్ స్కైలర్ మనుషులు గొడ్డళ్లతో అడవిదారికి అడ్డంగా చెట్లు కూల్చి, వంతెనలు విరగ్గొట్టి, వాగులను దారి మీదికి మళ్లించారు. ఇరవై మూడు మైళ్లు రావడానికి ఆ సైన్యానికి మూడు వారాలు పట్టింది. ఆహారానికీ గుర్రాలకూ బెన్నింగ్టన్ వైపు పంపిన దళంలోనూ, దానికి తోడు వెళ్లిన దళంలోనూ కలిపి దాదాపు 900 మంది ఆగస్టు 16న చనిపోవడమో పట్టుబడటమో జరిగింది. దక్షిణం నుంచి అతణ్ని కలుసుకోవలసిన హౌ, ఆ సమయానికి ఫిలడెల్ఫియాను పట్టుకోవడానికి ఓడలెక్కి ఉన్నాడు. ఆ పని త్వరగా ముగించుకుని బర్గోయిన్‌కు సాయపడమని లండన్ నుంచి మంత్రి జార్జ్ జెర్మెయిన్ మే నెలలో రాసిన ఉత్తరం హౌకు అందింది ఆగస్టు మధ్యలో, చెసాపీక్ అఖాతంలో. లండన్‌లో కూర్చుని అట్లాంటిక్ అవతలి యుద్ధాన్ని నడపడమంటే అదీ. అక్టోబరు 17న సరటోగాలో బర్గోయిన్ 5,800 మందితో ఆయుధాలు అప్పగించాడు. హౌ ఫిలడెల్ఫియాను పట్టుకున్నాడు గాని, కాంగ్రెస్ సభ్యులు మూటాముల్లె సర్దుకుని యార్క్ అనే చిన్న ఊరికి మకాం మార్చేశారు. పట్టుకుంటే దేశమంతా లొంగిపోయే రాజధాని ఆ దేశంలో లేదు.

రెండవది, ఫ్రాన్స్ సాయం 1778 ఫిబ్రవరి 6 నాటి ఒప్పందానికి ముందే మొదలైంది. అంతకుముందు జరిగిన 'ఏడేళ్ల యుద్ధం'లో బ్రిటన్ చేతిలో తిన్న దెబ్బకు బదులు తీర్చుకోవాలన్నది ఫ్రాన్స్ కోరిక. నాటక రచయిత బొమార్షే ఒక ఉత్తుత్తి వర్తక సంస్థను పెట్టి, రాజుగారి డబ్బుతో 1776 నుంచే ఫిరంగులు, తుపాకులు, మందు పంపుతున్నాడు. మొదటి రెండు మూడేళ్లు అమెరికన్లు కాల్చిన తుపాకి మందులో చాలా భాగం బయటి దేశాలదే.

ఇక మీ ప్రశ్నకు నా జవాబు: ఫ్రాన్స్ లేకుంటే వారు ఓడిపోయి ఉండకపోవచ్చు గాని, గెలిచి ఉండేవారని మాత్రం అనుకోను. 1780 నాటికి కాంగ్రెస్ అచ్చువేసిన కాగితపు డాలరు విలువ నలభైలో ఒక వంతుకు పడిపోయింది. 1781 జనవరిలో పెన్సిల్వేనియా దళం జీతాల కోసం తిరగబడింది. అంతకుముందే చార్ల్స్‌టన్ రేవులో దాదాపు 5,000 మంది అమెరికన్ సిపాయిలు బ్రిటిష్ వారికి లొంగిపోయారు. దక్షిణాన అమెరికన్ సేనాని నథానియల్ గ్రీన్, "పోరాడుతాము, ఓడిపోతాము, లేచి మళ్లీ పోరాడుతాము" అని ఫ్రెంచి రాయబారికి రాసిన పద్ధతిలో బ్రిటిష్ సేనాని కార్న్‌వాలిస్‌ను కరోలినా అడవులలో తిప్పి తిప్పి అలసిపోయేటట్లు చేశాడు. గిల్ఫర్డ్ కోర్ట్‌హౌస్ దగ్గర గెలిచిన కార్న్‌వాలిస్ తన సైన్యంలో నాలుగో వంతును పోగొట్టుకున్నాడు. అయినా అతణ్ని వర్జీనియా తీరంలోని యార్క్‌టౌన్‌లో మూసిపెట్టడానికి సముద్రం వైపు తలుపు వేయాలి, ఆ తలుపు అమెరికన్ల దగ్గర లేదు. 1781 సెప్టెంబరు 5న చెసాపీక్ ముఖద్వారంలో ఫ్రెంచి సేనాని ద గ్రాస్ 24 యుద్ధనౌకలతో బ్రిటిష్ వారి 19 నౌకలను అడ్డుకున్నాడు. నావికాయుద్ధంగా అది తేలకుండానే ముగిసింది, కాని కార్న్‌వాలిస్‌ను ఓడలలో తరలించే దారి దానితో మూసుకుపోయింది. ముట్టడి వేసినవారిలో ఫ్రెంచివారు సగానికి కాస్త తక్కువ, నావికులను కలుపుకుంటే సగాన్ని మించిపోతారు. సైన్యం న్యూయార్క్ మీదికే వస్తోందని శత్రువు నమ్మడానికి, న్యూజెర్సీలో చాతం అనే ఊరి దగ్గర ఫ్రెంచివారు పెద్ద పెద్ద రొట్టెల పొయ్యిలు కట్టించారు. ఖర్చులకు ద గ్రాస్ హవానాలో 5 లక్షల పెసోల వెండి పోగుచేసి తెచ్చాడు.

ప్రశ్న: యార్క్‌టౌన్‌లో లొంగిపోయింది ఏడెనిమిది వేల మందేకదా. అంతమాత్రానికే అంత పెద్ద సామ్రాజ్యం ఎందుకు చేతులెత్తేసింది?
– కాకినాడ నుంచి ఒక పాఠకుడు

జవాబు: సైనికంగా చూస్తే చేతులెత్తేయవలసిన అవసరం లేదు. 1781 అక్టోబరు 19న కార్న్‌వాలిస్ లొంగిపోయిన తరువాత కూడా న్యూయార్క్, చార్ల్స్‌టన్, సవానా బ్రిటిష్ వారి చేతిలోనే ఉన్నాయి. న్యూయార్క్‌ను వారు ఖాళీ చేసింది 1783 నవంబరు 25న. మూడవ జార్జి రాజు పోరాటం కొనసాగించాలనే పట్టుబట్టాడు.

యుద్ధం ముగిసింది లండన్‌లో. అప్పటికి బ్రిటన్ ఫ్రాన్స్‌తోనే గాక, 1779 నుంచి స్పెయిన్‌తోనూ, 1780 చివరి నుంచి డచ్చివారితోనూ పోరాడుతోంది. జిబ్రాల్టర్ ముట్టడిలో ఉంది. 1779లో ఫ్రెంచి, స్పానిష్ నౌకలు ఇంగ్లండు తీరం ముందే తిరిగాయి. జమైకా వంటి చక్కెర దీవుల ఆదాయం ముందు అమెరికా వలసలు ఏపాటివని వర్తకులు బాహాటంగానే అనసాగారు. జాతీయ రుణం దాదాపు రెట్టింపవుతోంది, భూమి పన్ను కట్టేది పార్లమెంటులో ఓటు వేసే పెద్దమనుషులే. 1782 ఫిబ్రవరి 27న అమెరికాలో దాడులు కొనసాగించరాదన్న తీర్మానం కామన్స్ సభలో 215కు వ్యతిరేకంగా 234 ఓట్లతో నెగ్గింది. పందొమ్మిది ఓట్ల తేడా! మార్చి 20న ప్రధాని లార్డ్ నార్త్ రాజీనామా చేశాడు. సింహాసనం వదులుకుంటానని రాజు ఒక ముసాయిదా కూడా రాసుకున్నాడు. విచిత్రమేమిటంటే, ఏప్రిల్ 12న వెస్టిండీస్‌లో బ్రిటిష్ నౌకాదళం ద గ్రాస్‌ను చిత్తుగా ఓడించి ఆయననే బందీగా పట్టుకుంది. ఆ విజయం ఆరు నెలలు ముందుగా వచ్చి ఉంటే కథ మరొకలా నడిచేది.

ఇందులో తిరుగుబాటుదారుల పాత్ర ఏమిటని మీరు అడగవచ్చు. ఆ ఓటింగు దాకా తమ సైన్యాన్ని బతికించుకోవడమే వారి పాత్ర. పార్లమెంటులో ప్రతిపక్షం ఉండటం, పత్రికలు ఖర్చుల లెక్కలు అచ్చువేయగలగడం వారికి కలిసివచ్చాయి. ఎవరికీ సంజాయిషీ చెప్పనక్కరలేని రాజు ఇంకా చాలాకాలం పోరాడి ఉండేవాడు.

ప్రశ్న: ఆ యుద్ధం ప్రభావం మన ప్రాంతం మీద ఏమైనా పడిందా?
– మచిలీపట్నం నుంచి ఒక పాఠకురాలు

జవాబు: పడింది, అదీ నేరుగా. ఫ్రాన్స్ యుద్ధంలోకి దిగిందని తెలియగానే ఈస్టిండియా కంపెనీ 1778 అక్టోబరులో పుదుచ్చేరిని, మరుసటి మార్చిలో మాహేను పట్టుకుంది. మాహే రేవు ద్వారానే తనకు ఆయుధాలు వస్తుండటంతో ఆగ్రహించిన మైసూరు పాలకుడు హైదర్ అలీ 1780 జూలైలో ఆర్కాటు నవాబు ఏలుబడిలోని కర్ణాటకం మీద పడి, సెప్టెంబరు 10న పొల్లిలూరు దగ్గర కంపెనీ సేనాని బెయిలీ దళాన్ని తుడిచిపెట్టాడు. కంగారుపడిన మద్రాసు ప్రభుత్వం ఉత్తర సర్కారుల సిపాయిలను ఓడలెక్కి రమ్మంది. అక్టోబరు 3న విశాఖపట్నంలో ఆ సిపాయిలు ఓడ ఎక్కడానికి నిరాకరించి, తిరగబడి, కొందరు ఆంగ్ల అధికారులను కాల్చి చంపారు. ఆ సిపాయిలకు అమెరికా పేరు తెలిసి ఉండదు, కాని బ్రిటన్ సైన్యం ఎన్నిచోట్లకు సాగదీయబడిందో ఆ రేవులో బయటపడింది. మైసూరు విజయాల వార్త ఫిలడెల్ఫియాకు కూడా చేరింది. పెన్సిల్వేనియా వారు తమ యుద్ధనౌక ఒకదానికి హైదర్ అలీ పేరు పెట్టుకున్నారు. 1782 ఏప్రిల్‌లో అది తనకంటే పెద్దదైన బ్రిటిష్ నౌకను పట్టుకుంది. 1783 జూన్‌లో కడలూరు దగ్గర ఫ్రెంచి, బ్రిటిష్ సేనలు పోరాడుతున్న సమయానికి ఐరోపాలో సంధి షరతులు కుదిరి నెలలు గడిచాయి, వార్త మాత్రం చేరలేదు.

యార్క్‌టౌన్‌లో లొంగిపోయిన కార్న్‌వాలిస్‌కు స్వదేశంలో శిక్ష ఏమీ పడలేదు. 1786లో గవర్నర్ జనరల్‌గా కలకత్తాకు వచ్చాడు. 1788లో నిజాం నుంచి గుంటూరు సర్కారును కంపెనీ స్వాధీనంలోకి తెచ్చింది ఆయనే.

ప్రశ్న: ఇవే సూత్రాలైతే మా మన్యంలో అల్లూరి సీతారామరాజు ఎందుకు గెలవలేకపోయాడు? ఆయన కూడా కొండలలో దాగి దెబ్బతీసినవాడే.
– నర్సీపట్నం నుంచి ఒక పాఠకుడు

జవాబు: పోరాటం నడిపిన తీరులో రామరాజుకు వంక పెట్టడానికి లేదు. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో వరుసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడి 26 తుపాకులు, 2,500 పైగా తూటాలు తీసుకుపోవడం, సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు అధికారులను పొంచి చంపడం, ఏ దేశపు కొండ యుద్ధంతోనైనా తూగుతాయి. అటవీ ఆంక్షలు, రోడ్డు పనికి వెట్టి, గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ అఘాయిత్యాలు చవిచూసిన కొండవారు ఆయనకు తిండీ కబురూ అందించారు.

లేనివి వేరే. పట్టుకున్న తుపాకులే గాని తెప్పించుకునే తుపాకులు లేవు, రేవు లేదు, బ్రిటన్ మీద పగతో డబ్బు పంపే మరో రాజ్యం లేదు. తిరుగుబాటు ఏజెన్సీ దాటి మైదానంలోకి రాలేదు. అక్కడ తాలూకా కచేరీలు ఎప్పటిలాగే శిస్తు వసూలు చేస్తూనే ఉన్నాయి, సహాయ నిరాకరణ ఆ ఫిబ్రవరిలోనే ఆగిపోయింది. అన్నిటికంటే ముఖ్యంగా, జెర్మెయిన్ ఉత్తరానికి మూడు నెలలు పట్టిన సామ్రాజ్యం 1922 నాటికి టెలిగ్రాఫు, రైలు ఉన్న సామ్రాజ్యం. మలబారు పోలీసులు, ఆ తరువాత అస్సాం రైఫిల్స్ నర్సీపట్నానికి చేరడానికి అట్లాంటిక్ దాటనక్కరలేదు. ఊళ్లకు తిండి గింజలు ఆపి, కొండ ఊళ్ల పెత్తందారులైన ముఠాదారులను శిక్షించి, రామరాజుకు ఆశ్రయమిచ్చే గూడేలను ఒక్కొక్కటిగా ఆయనకు దూరం చేయడానికి అధికారులకు తీరిక దొరికింది. ఈ ఖర్చును ప్రశ్నించి ఓటు వేయగల సభ ఏదీ మన్యానికి గొంతు ఇవ్వలేదు. 1924 మే 7న కొయ్యూరులో రామరాజును కాల్చి చంపారు.

ఆయన ముఖ్య అనుచరులలో గాం మల్లుదొర 1923లో పట్టుబడి అండమాన్‌లో శిక్ష అనుభవించాడు. 1952లో జరిగిన మొదటి సార్వత్రిక ఎన్నికలలో విశాఖపట్నం నుంచి స్వతంత్ర అభ్యర్థిగా లోక్‌సభకు ఎన్నికయ్యాడు.